రెండు పుస్తకాలు

ఆ పత్తికట్టె ఇంకో రెండు మోపులు ఇటు లాగరా అబ్బాయ్. గాలివాటు చూసుకుని వెయ్యి, రవ్వలు కళ్లం మీదికి పోకూడదు. ఒక్క మిరపకాయ నిప్పులో పడిందా, ఇక్కడ ఎవరం కూర్చోలేం. కాయ ఇంకా మెత్తగానే ఉంది. నాలుగెండలు బాగా కాస్తే గానీ టిక్కీ బస్తాలకు ఎక్కదు, అందాకా రాత్రి కాపలా తప్పదు. నాకెటూ నిద్ర పట్టే వయసు కాదు. అమ్మాయ్, ల్యాబు టెక్నీషియను కోర్సులో చేరావు కదా, మా రోజుల్లో ఆ పని ఎట్లా ఉండేదో చెప్పమన్నావు. దుప్పటి కప్పుకుని దగ్గరగా కూర్చో, చెప్తా.

నా బతుకంతా రెండు పుస్తకాలతోనే గడిచింది. ఒకటి ఆసుపత్రి ల్యాబు రిజిస్టరు, రెండోది చర్చి సంఘం పుస్తకం. వారమంతా మొదటిదాంట్లో రాసేవాణ్ణి, ఆదివారం రెండోదాంట్లో. రెంటిలోనూ ఉండేవి ఈ చుట్టుపక్కల పల్లెల వాళ్ల పేర్లే.

ఈ పేర్ల సంగతి మా నాయనమ్మ వాళ్ల అమ్మ కాలం నుంచీ ఉంది. 1876లో మొదలైన ధాత కరువు గురించి విన్నారు కదా. ఒంగోలులో క్లౌ దొరగారు ఉండేవాడు, అమెరికా బాప్టిస్టు మిషనరీ. ఆయన బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మన వాళ్లకు కూలి ఇప్పించాడు. తోలు పని చేసుకునే మా పెద్దలు తట్టా పారా పట్టుకుని వెళ్లారు. కరువు పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మం మాత్రం ఇవ్వనన్నాడు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట వాళ్ల మీద పడకూడదని ఆయన పట్టుదల. కరువు పనులు తీరాక 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్క రోజునే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మా తాతమ్మ వాళ్లలో ఒకతె అని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. చిన్నప్పుడు నాకు ఆ అంకె మీదే ధ్యాస ఉండేది. రెండు వేల రెండు వందల ఇరవై రెండు! అంటే ఏటి ఒడ్డున ఎవరో నిలబడి ఒక్కొక్కళ్లనీ లెక్కపెట్టి ఉండాలి కదా. అప్పటిదాకా మన వాళ్లను మనిషికింత అని లెక్కపెట్టింది వెట్టి పనికే.

ఆసుపత్రులూ ఆ దారినే వచ్చాయి. గుంటూరుకు 1883లో కుగ్లర్ దొరసానమ్మ వచ్చింది, లూథరన్ మిషను డాక్టరు. మగ డాక్టరు చేత నాడి పట్టించుకోని ఆడవాళ్ల కోసం ఇళ్లకు నడిచి వెళ్లి వైద్యం చేసింది. తర్వాత ఆసుపత్రి కట్టించింది, 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆ ఆసుపత్రిని ఈనాటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. ఒంగోలులో క్లౌ గారి పేరు మీద ఇంకొకటి లేచింది. మా తరంలో పది చదివి, కాస్త చేతి నిదానం ఉన్న పిల్లలను మిషను వాళ్లు రాయవెల్లూరు పంపి ల్యాబు పని నేర్పించేవాళ్లు. నేనూ అట్లా వెళ్లి వచ్చినవాణ్ణే.

ఇప్పుడు మీకు యంత్రం ఉంది. రక్తం సీసా లోపల పెడితే కాగితం బయటికి వస్తుంది. మాకు కళ్లే యంత్రం. రక్తంలో బలం, అంటే హిమోగ్లోబిన్, ఎంతుందో చూడాలంటే సాలీ గొట్టం ఉండేది. అందులో ఇరవై గీత దాకా పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి, వేలు గుచ్చి, సన్నటి పిపెట్టులోకి నోటితో రక్తం పీల్చి దాంట్లో వదిలేవాళ్లం. నోటితో పీల్చడమేంటి తాతా అంటావేమో, అప్పట్లో అదే పద్ధతి. పది నిమిషాలాగితే రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పుడు ఒక్కో చుక్క నీళ్లు వేస్తూ, పుల్లతో కలుపుతూ, పక్కనున్న అద్దం రంగుతో కలిసేదాకా కిటికీ వెలుతురులో పట్టుకుని చూడాలి. ఒక చుక్క ఎక్కువైతే రీడింగు తప్పు, మళ్లీ మొదటికి రావాలి. మిరప కోతల రోజుల్లో వచ్చే ఆడవాళ్లకు నాలుగు గ్రాములు, అయిదు గ్రాములు ఉండేది. నాలుగు గ్రాముల మనిషి మెట్లెక్కలేదు. కానీ వాళ్లు పొద్దున కోతకు పోయి, సాయంత్రం కూలి డబ్బులు తీసుకుని, అప్పుడు ఆసుపత్రికి వచ్చేవాళ్లు. చెప్పుల్లేని కాళ్లతో తిరగడం వల్ల కొంకి పురుగులు పట్టి రక్తం పీల్చేసేవి. మర్నాడు మలం పరీక్షలో ఆ గుడ్లు కనిపిస్తే నాకు ఆశ్చర్యం ఉండేది కాదు, కోపం వచ్చేది.

తెల్లకణాల లెక్క ఇంకో తపస్సు. గాజు పలక మీద గళ్లు గీసి ఉంటాయి. నాలుగు మూలల గళ్లలో ఉన్నవన్నీ లెక్కపెట్టి, మొత్తాన్ని యాభైతో గుణించాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుంది. చక్కెర జబ్బుకు బెనెడిక్టు పరీక్ష చేసేవాళ్లం. నీలం మందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచడం. నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకు వచ్చిందంటే, ఆ మనిషి ముఖం చూడకుండానే డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. పొదిలి, దర్శి, కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్లను పళ్లు చూసే పోల్చుకునేవాణ్ణి, గారపట్టి మచ్చలు ఉండేవి. కొందరి నడుములు వంగిపోయి ఉండేవి. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉందని 1937లోనే డాక్టర్లు పరిశోధన చేసి అచ్చు వేశారు. అప్పటికి అదంతా నెల్లూరు జిల్లా, ప్రకాశం జిల్లా పుట్టలేదు. అచ్చయిన ఇన్నేళ్లకు కూడా జనం ఆ బోరు నీళ్లే తాగారంటే, అది నాకు ఈనాటికీ మింగుడు పడదు.

ఇక అసలు సంగతి. చేరిన రెండో ఏడు నేనొక తప్పు చేశా. ఒకే పొద్దున ఇద్దరు మరియమ్మలు వచ్చారు. మన పల్లెల్లో మరియమ్మలకు కొదవేముంది. ఒకామె కాన్పు అయ్యి రక్తం ఆగడం లేదు, ఇంకొకామెకు చలిజ్వరం. రెండు సీసాల మీదా మరియమ్మ అనే రాశా. ఒకామె గ్రూపు ఇంకొకామె చీటీ మీదికి ఎక్కింది. ఆ చీటీ ప్రకారం బాలింతకు ఆమె తమ్ముడి రక్తం సరిపోతుందని సిద్ధం చేశారు. మా ల్యాబు పెద్దాయన మాత్రం ఆమె దగ్గర మళ్లీ కొత్తగా రక్తం తీయించి, సీరంలో తమ్ముడి కణాలు కలిపి స్లైడు మీద ఊపి చూశాడు. పాలు విరిగినట్టు గడ్డలు కట్టాయి. ఎక్కించి ఉంటే ఆ తల్లి అక్కడికక్కడే పోయేది. ఆయన నన్ను తిట్టలేదు. రెండు సీసాలూ నా చేతికిచ్చి, "వీటి మీద ఏం రాశావో పైకి చదువు" అన్నాడు. చదివా. "మళ్లీ చదువు" అన్నాడు. మూడోసారికి నాకు గొంతు పెగల్లేదు.

ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా, మనిషి నోటితో పేరు, భర్త పేరో తండ్రి పేరో, ఊరు చెప్పించుకోకుండా నేను సూది పట్టలేదు. ఊరి మోతుబరి వచ్చినా, పాస్టరు గారు వచ్చినా అంతే.

సంఘంలో నన్ను డీకనుగా నిలబెట్టింది ఆ తర్వాతే. డీకనంటే బైబిల్లో పరిచారకుడు. అపొస్తలుల కార్యాల్లో ఏడుగురిని ఏర్పాటు చేసింది ఎందుకు? ప్రసంగాలు చెప్పడానికి కాదు. రోజూ పంచే భోజనంలో విధవరాండ్రను మరిచిపోతున్నారని గొడవ వస్తే, వడ్డన సరిగ్గా జరగాలని. నేను చేసిందీ ఆ పనే. కానుకల సంచి ఇద్దరం కూర్చుని లెక్కపెట్టడం, నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల సిద్ధం చేయడం, రొట్టె విరిచిన పళ్లెం, ద్రాక్షరసం గ్లాసులు వరస తప్పకుండా అందించడం, మంచాన పడిన వాళ్ల ఇళ్లకు వెళ్లడం, చావు వస్తే పెట్టె దగ్గర్నుంచి గుంట దాకా చూసుకోవడం.

1987-88 మీకు తెలియదు. ఈ రేగడి నేలంతా పత్తి. తెల్లదోమ వచ్చింది. ఆకు కింద పిండి చల్లినట్టు ఉండి, పైన మసి కమ్మేది. పైరిత్రాయిడ్ మందులు కొట్టిన కొద్దీ దోమ పెరిగింది గానీ తగ్గలేదు. పెట్టుబడి ఇచ్చినవాడే మందు అమ్మేవాడు, వాడే పత్తి కొనేవాడు. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకోవడం ఆ ఏడాది పేపర్లకెక్కింది. పేపరు కంటే ముందు నా బల్ల మీదికే వచ్చేది. వార్డు నుంచి సీసాలు వచ్చేవి, సీలు వేసి, పేరు, తండ్రి పేరు, ఊరు రాసి పంపాలి. ఒక రోజు రాస్తూ రాస్తూ ఆగిపోయా. ఆ పేరు మా సంఘస్థుడిది. నాలుగెకరాలు కౌలుకు చేసేవాడు. పాటకు మద్దెల వాయించేవాడు.

ఆ సాయంత్రం సంఘ పెద్దల కూడిక జరిగింది. తన చేతులారా పోయినవాడికి సమాధుల తోటలో చోటు లేదని, పాస్టరు గారు ప్రార్థన చేయకూడదని కొందరు పట్టుబట్టారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, అట్లా నేర్చుకున్నారు. నాకు వాదించడం రాదు. సంఘం పుస్తకం తీసి, అతని పేరున్న పుట తెరిచి బల్ల మీద పెట్టా. "పోయిన నెల మొదటి ఆదివారం ఇతనికి రొట్టె అందించింది నేను. ఈ పేరు కొట్టేయాలనుకునే వాళ్లు కలం తీసుకోండి" అన్నా. కలం పుస్తకం మీదే ఉంది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి పాస్టరు గారు లేచి బైబిలు చేతిలోకి తీసుకున్నారు. చీకటి పడేలోపు అందరితో పాటే, అందరి వరసలోనే పెట్టాం. పట్టుబట్టిన వాళ్లలో ఇద్దరు పెట్టె మోశారు.

అతని భార్యకు బీదల నిధి నుంచి ఆరు నెలలు బియ్యం ఇచ్చాం. తర్వాత ఆమే వద్దంది. కోతలకు పోయి ఇద్దరు పిల్లల్ని పెంచుకుంది. ఈ కళ్లంలో రేపు తాలు ఏరడానికి వచ్చే మేస్త్రీ ఉన్నాడే, అతను ఆమె చిన్నకొడుకే. అతని ముందు మీరు ఈ సంగతి ఎత్తొద్దు.

నువ్వు మాత్రం అమ్మాయ్, యంత్రం ఎంత గొప్పదైనా సీసా మీద పేరు రాసేది నీ చెయ్యే. రేపు మీ నాయనమ్మ చక్కెర పరీక్షకు వెళ్తుంది కదా, ఆవిడకూ చెప్పు, మీరంతా కూడా వినండి. రక్తం ఇచ్చేటప్పుడు మీ పేరు, మీ ఇంటివాళ్ల పేరు, ఊరు మీ నోటితోనే చెప్పండి. సీసా మీద ఏం రాశారో ఒక్కసారి పైకి చదవమని అడగండి.