ఆల్బమ్‌లో ఫొటోలు ఎక్కడుంటాయి?

పోయిన నెల ఒక శుక్రవారం, ఇబ్రిలో బయట ఎండ మండిపోతుంటే ఏసీ వేసుకుని గదిలో కూర్చుని అక్క పెళ్ళి ఆల్బమ్ తెరిచాను. చేతిలో పట్టుకునే ఆల్బమ్ కాదు, కంప్యూటర్లోది. నాన్న మొదటి సంవత్సరీకానికి ఫొటో కట్టించాలి. ఆయన మనసారా నవ్విన ఫొటో మాకు ఒక్కటే ఉంది. విడిదింటి దగ్గర ఎవరితోనో మాట్లాడుతూ నవ్వినప్పటిది. అచ్చు ఆల్బమ్‌లో దాన్ని రెండు పేజీల మీదుగా పరిచేశారు. మధ్య మడత సరిగ్గా నాన్న చెంప మీంచి పోయింది.

స్టూడియో ఆయన కొట్టు ఎప్పుడో ఎత్తేశాడు. అప్పట్లో ఆయనిచ్చిన డిస్కులో ఆల్బమ్ ప్రాజెక్టు ఫైలు మాత్రం ఉంది. దాని మీద నొక్కితే చక్కగా తెరుచుకుంది. బంగారు రంగు అంచులున్నాయి, పూలతీగలున్నాయి, పేర్లున్నాయి. ఫొటోలు ఉండాల్సిన చోట బూడిద రంగు పెట్టెలున్నాయి. ఒక్కో పెట్టె మీదా ఇ డ్రైవ్‌లో ఫలానా ఫోల్డరు, ఫలానా ఫైలు దొరకలేదని రాసుంది.

"ఏరా, దొరికిందా?" అని అక్క ఫోన్.

"ఆల్బమ్ దొరికిందక్కా. ఫొటోలు లేవు."

"ఫొటోలు లేకుండా ఆల్బమేంట్రా?"

పన్నెండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. అందుకే కాస్త వెనక్కి వెళ్ళి మొదలుపెడతాను.

1886లో సికిందరాబాదులో స్టూడియో తెరిచిన లాలా దీన్ దయాళ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువు ఫొటోగ్రాఫరు. ఆ కాలంలో బొమ్మ పడేది గాజు పలక మీద. పలకని కాగితం మీద ఆనించి వెలుగు చూపిస్తే ప్రింటు వచ్చేది. ఆయన ప్రింట్లు చాలావాటి కింద ఒక నంబరు కనిపిస్తుంది. అది పలక నంబరు. అంటే నవాబుగారి చేతిలోని తోలు అట్ట ఆల్బమ్ ఒక కాపీ మాత్రమే. అసలు సరుకు స్టూడియోలో ఉండేది, రెంటినీ కలిపే దారం ఆ నంబరు. దీన్ దయాళ్ 1905లో పోయారు. ఆయన స్టూడియో గాజు పలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో చేరాయి. ఆల్బములు ఎక్కడెక్కడికి చెదిరిపోయినా, ఆ పలకల మీద బొమ్మలు ఇంకా ఉన్నాయి.

మన ఊరి స్టూడియోలదీ ఇదే పద్ధతి. బిల్లు మీద నెగటివ్ నంబరు వేసి ఇచ్చేవాళ్ళు. ఇంకో కాపీ కావాలంటే ఆ చీటీ పట్టుకెళ్ళాలి. ఇంట్లో నల్ల అట్టల ఆల్బమ్, మధ్యలో బటర్ పేపరు. ఆ ఆల్బమ్‌కి ఒక గొప్ప గుణం ఉంది. దాన్ని ఏ ఊరు మోసుకెళ్ళినా ఫొటోలు దాంతోపాటే వస్తాయి.

కంప్యూటరు వచ్చాక ఈ రెండు పద్ధతులూ ఒకే ఫైల్లోకి వచ్చి చేరాయి. 1985లో ఆల్డస్ కంపెనీ పేజ్‌మేకర్ తెచ్చింది. మన డీటీపీ సెంటర్లలో శుభలేఖలన్నీ చాలా ఏళ్ళు అందులోనే తయారయ్యాయి. తర్వాతి వెర్షన్లలో పెద్ద బొమ్మ పెట్టబోతే, దీని కాపీ ఫైల్లోనే దాచుకోనా అని అడిగేది. వద్దంటే బొమ్మ ఎక్కడుందో ఆ చిరునామా మాత్రం రాసుకునేది. ఫ్లాపీలో ఫైలొక్కటే వేసుకుని ప్రెస్సుకి వెళ్ళి, బొమ్మలు రాక మళ్ళీ వెనక్కి పరిగెత్తినవాళ్ళు ఇది చదివేవాళ్ళలోనూ ఉంటారు.

1990లో వచ్చిన ఫొటోషాప్ ఇంకో దారి పట్టింది. ఏ బొమ్మ అతికించినా పీఎస్‌డీ ఫైలు కడుపులోనే పెట్టుకుంటుంది. భద్రమే, కానీ బరువు. లెక్క చూడండి. కరిజ్మా ఆల్బమ్ షీటు 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు. అంగుళానికి 300 చుక్కలంటే 3,600 ఇంటూ 10,800, దాదాపు 3.9 కోట్ల చుక్కలు. చుక్కకి మూడు బైట్లు వేసుకుంటే, కుదించకముందు ఒక్క లేయరుకే 117 ఎంబీ. 40 షీట్లకి, షీటుకో లేయరు చొప్పున వేసుకున్నా, ఒక డీవీడీ నిండిపోతుంది. నిజానికి ఒక్కో షీటులో పది పదిహేను లేయర్లుంటాయి. అందుకే ప్రింటుకి వెళ్ళగానే పీఎస్‌డీలు చెరిపేసి జేపెగ్‌లు మాత్రం ఉంచుకోవడం స్టూడియోల్లో మామూలైపోయింది. వాళ్ళని తప్పు పట్టలేం. ఒక్క మాఘమాసంలో ఎన్ని పెళ్ళిళ్ళు!

ఇంట్లో వాడే సాఫ్ట్‌వేర్లు బరువు తగ్గించే దారి వెతికాయి. 2002లో యాపిల్ ఐఫొటో ఫొటోలన్నిటినీ తన సొంత గూట్లో పెట్టుకుంది. చెయ్యి పెట్టి ఆ గూడు సర్దబోతే లెక్క తప్పేది. 2004లో గూగుల్ కొనుక్కున్న పికాసా ఫొటో జోలికి పోకుండా, చేసిన మార్పులని అదే ఫోల్డర్లో ఒక చిన్న ఫైల్లో రాసుకునేది. 2007లో వచ్చిన అడోబీ లైట్‌రూమ్ ఫొటోలని ఉన్నచోటే ఉంచి, వాటి చిరునామాలూ మార్పులూ ఒక డేటాబేసులో దాస్తుంది. ఆల్బమ్ డిజైను సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఈ చిరునామా పద్ధతినే పట్టుకున్నాయి.

చిరునామా మళ్ళీ రెండు రకాలు. "ఇ డ్రైవ్‌లో ఫలానా చోట" అనేది ఒకటి. "నా పక్క ఫోల్డర్లో" అనేది రెండోది. రెండో రకమైతే, ఫోల్డరు మొత్తాన్ని ఎక్కడికి మార్చినా బొమ్మలు దొరుకుతాయి. మొదటి రకమైతే ఆ డ్రైవే ఉండాలి, దాని పేరూ అదే ఉండాలి. నాకిక్కడ ఉత్తరాలు కంపెనీ పోస్టు బాక్సుకి వస్తాయి. ఉద్యోగం మారితే ఆ చిరునామా నాది కాదు. అక్క పెళ్ళి ఫొటోలకి అదే జరిగింది.

ఇంక వదిలేద్దామనుకుంటూ ఆఖరి ప్రయత్నంగా ఆ ఫైలు లోపలి బైట్లు చూశాను. మొదటి రెండక్షరాలు పీ, కే. 1989లో జిప్ పద్ధతి తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి. ఏ జిప్ ఫైలు మొదట్లో చూసినా ఆయన కనిపిస్తాడు. ఫైలు కాపీ ఒకటి తీసి, పేరు చివర జిప్ అని మార్చి విప్పాను. లోపల పేజీల అమరిక రాసిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఒకటి, దాని పక్కన ప్రివ్యూలనే ఫోల్డరు. తెర మీద త్వరగా చూపించడానికి సాఫ్ట్‌వేరు తన అవసరం కోసం చేసుకున్న చిన్న కాపీలు. 800 ఇంటూ 533 చుక్కలు. అందులో నాన్న. మధ్యలో మడత లేదు.

గోడకి కట్టే పెద్ద ఫొటోకి అది చాలదు. మంచి ప్రింటు లెక్కన మూడు అంగుళాలు కూడా రాదు. కొంచెం మసకైనా ఫరవాలేదని అయిదు అంగుళాల వెడల్పున వేయించి, చిన్న ఫ్రేములో పెట్టించమని అక్కకి పంపాను.

"అమ్మ దాన్ని గోడకి పెట్టనివ్వలేదురా, దిండు పక్కన పెట్టుకుంది" అని చెప్పింది అక్క.

మీ ఇంట్లో పెళ్ళి ఆల్బమ్ ప్రాజెక్టు ఫైలు ఏదైనా ఉంటే ఈ వారమే తెరిచి చూడండి. బూడిద పెట్టెలు కనిపిస్తే, స్టూడియో ఇంకా తెరిచి ఉండగానే వెళ్ళి కెమెరాలోంచి వచ్చిన అసలు జేపెగ్‌లు అడగండి. ఫొటోలూ ప్రాజెక్టు ఫైలూ ఒకే ఫోల్డర్లో పెట్టి, ఆ ఫోల్డర్ని రెండు డిస్కుల్లోకి కాపీ చేయండి. వేరే కంప్యూటర్లో తెరిచి చూస్తే గానీ కాపీ అయిందని నమ్మకండి. నేను పదేళ్ళ క్రితం ఆ పని చేసి ఉంటే, నాన్న ఇప్పుడు గోడ మీద కూడా ఉండేవారు.