తుంగ, గరిక పట్టిన నేలను కూరగాయల మడిగా మార్చడం

ఏళ్ల తరబడి పడావు పడి గరిక, తుంగ, వయ్యారిభామ అల్లుకుపోయిన బీడును గానీ, ఇంటి పక్క ఖాళీ జాగాను గానీ కూరగాయల సాగుకు అనువుగా చేసే పని. మామూలు దుక్కికీ దీనికీ తేడా ఉంది. ఏటా సాగయ్యే చేలో కలుపు ఎక్కువగా గింజ నుంచి మొలుస్తుంది. పడావు నేలలో మాత్రం ముఖ్యంగా భూమిలో దాగిన దుంపలు, వేరుకాడల నుంచి లేస్తుంది. పైపైన కోసి, ఒకసారి తిరగేసి విత్తనం చల్లిన చోట కొద్ది వారాలకే గడ్డి మళ్లీ కమ్ముకోవడానికి కారణం ఇదే. తెలుగు జిల్లాల్లో ఈ పనికి తగిన కాలం ఏప్రిల్, మే నెలలు. రోహిణి కార్తె దాటి తొలకరి పడ్డాక మొదలుపెడితే వాన గడ్డికే మేలు చేస్తుంది.

కలుపును గుర్తించడం

ఏ కలుపు ఎంత ఉందో చూడకుండా పలుగు, పార పట్టకూడదు. గరికను, తుంగను ఒకే గాటన కట్టి ‘గడ్డి’ అనడం వాడుకే గానీ, రెండింటి స్వభావం వేరు, విరుగుడూ వేరు.

గరిక (సైనోడాన్ డాక్టిలాన్) నేల మీద తీగలుగా పాకుతుంది, నేల లోపల వేరుకాడలుగానూ సాగుతుంది. ప్రతి గణుపూ ఒక మొక్క కాగలదు. వినాయక చవితి పత్రిలో దూర్వాయుగ్మంగా చోటున్న ఈ గడ్డికి నీడ అంటే గిట్టదు. దీన్ని లొంగదీసే పద్ధతులన్నిటిలోనూ ఈ బలహీనత పనికొస్తుంది.

తుంగ (సైపరస్ రోటుండస్) అసలు గడ్డి జాతే కాదు. కాడను వేళ్ల మధ్య పెట్టి తిప్పితే మూడు అంచులు తగులుతాయి. ఒక మొక్కను లాగితే సాధారణంగా పైభాగమే చేతికొస్తుంది. గడ్డపారతో జానెడు లోతున మట్టిని పెళ్లగించి, గడ్డను చేతుల్లో నలిపి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది: సన్నని, గట్టి తీగలకు గుచ్చినట్లు వరసగా నల్లని దుంపలు, పైన గరుకు పొర, విరిస్తే లోపల తెల్లదనం, ఘాటైన సువాసన. వైద్యంలో తుంగముస్తలు ఇవే. ఒకే వరసలో ఉన్నంతకాలం చివరి దుంప మొలకెత్తి మిగిలినవాటిని నిద్రలో ఉంచుతుంది. తీగ తెగితే ఆ అదుపు పోయి, నిద్రించే దుంపలూ మొలుస్తాయి. అందుకే తేమ నేలలో ఒక్కసారి దున్ని వదిలేస్తే తుంగ తగ్గదు, పెరుగుతుంది. 1977లో హోమ్, ఆయన సహ రచయితలు ప్రపంచ కలుపు మొక్కలపై వెలువరించిన గ్రంథం దీనికి మొదటి స్థానం ఇచ్చింది. ఆ వరుస మీద అభ్యంతరాలు ఉండవచ్చు గానీ, కూరగాయల రైతులకు అది అతిశయోక్తి అనిపించదు.

వయ్యారిభామ (పార్థీనియం) వార్షికం. పూతకు ముందే వేళ్లతో సహా పీకితే పోతుంది. చర్మానికి దురద, దద్దుర్లు తెస్తుంది కాబట్టి చేతులకు తొడుగులు అవసరం. అమెరికా గోధుమలతో, పీఎల్-480 ఆహార సాయ పథకం కింద దేశంలోకి వచ్చిందన్న కథనం బాగా ప్రచారంలో ఉంది. అయితే పుణెలో ఇది కనిపించినట్లు చెప్పే సంవత్సరం 1955; ఆ పథకం కింద భారత్ తొలి ఒప్పందం కుదిరింది 1956 ఆగస్టులో. 1951 నాటి అమెరికా గోధుమ రుణం ద్వారా వచ్చి ఉండవచ్చన్న వాదన తేదీలకు కొంత మెరుగ్గా పొసగుతుంది. 19వ శతాబ్దంలోనే ఉందనేవారు పాత వృక్ష నమూనాలను, జాబితాలను చూపుతారు.

దుక్కి, ఎండ

దుక్కి కాలం విషయంలో పాత వ్యవసాయ గ్రంథం చెప్పేది వేరు. కృషిపరాశరం (6వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం దాకా రకరకాలుగా కాలనిర్ణయం చేశారు) మాఘంలో దున్నిన మట్టిని బంగారంతోనూ, తర్వాతి నెలల దుక్కిని వరసగా వెండి, రాగితోనూ పోల్చింది. అది ప్రధానంగా వరిని దృష్టిలో పెట్టుకున్న మాట. దుంప కలుపు ఉన్న మెట్ట నేలకు వేసవి దుక్కే మేలన్నది ఇక్కడి రైతుల అనుభవం, శాస్త్రం కూడా దాన్నే సమర్థిస్తుంది. తుంగ దుంప తేమ కోల్పోతే చస్తుంది. గరిక కాడలూ అంతే.

కాబట్టి ముందు కొడవలితో గడ్డిని నేలమట్టానికి కోసి, గింజ కట్టనిదైతే ఆరబెట్టి మల్చింగుకు దాచాలి. తర్వాత జానెడు లోతుకు తవ్వి, గడ్డలను పగలగొట్టకుండా అలాగే ఎండనివ్వాలి. ఎర్ర నేల గట్టిపడి ఉంటే ముందురోజు కొద్దిగా తడపవచ్చు. నల్లరేగడి పెద్ద పెళ్లలుగా లేస్తుంది, లోపలి దుంప ఎండడానికి ఎక్కువ రోజులు పడుతుంది. పది, పదిహేను రోజులకోసారి తిరగేస్తూ, బయటపడిన దుంపలు, కాడలు ఏరి పారేయాలి. వాటిని పచ్చిగా ఎరువు గుంతలో వేయకూడదు. ఈ దశలో రోటావేటర్ తిప్పించడం చాలామంది చేసే పని. అది గరికను గణుపు గణుపుగా నరికి మడంతా నాటిపెడుతుంది. కలుపు ఏరేశాక మట్టిని మెత్తన చేయడానికైతే అభ్యంతరం లేదు.

ఎండ చాలని చోట ఓపికే మార్గం. 1938లో అమెరికాలోని అలబామాలో స్మిత్, మేటన్ ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, మూడు వారాలకు మించని ఎడంతో రెండు సాగు కాలాలు వరసగా దున్నితే తుంగ నిర్మూలన అయింది. లేచిన ప్రతి మొలకనూ దోకుడు పారతో చెక్కేస్తూ పోతే దుంపలో దాచిన ఆహారం ఖర్చయిపోతుందన్నది ఇందులోని సూత్రం. ఒకటి, రెండు సెంట్ల జాగాకు ఇది సాధ్యమే. ఎకరానికి కష్టం.

కప్పి చంపడం

తడిపిన నేల మీద 25–50 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ పరచి, అంచులు మట్టిలో పూడ్చి, నడివేసవిలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచే పద్ధతిని ఇజ్రాయెల్‌లో కటాన్ బృందం 1976లో వెల్లడించింది; దీన్నే ‘సోలరైజేషన్’ అంటారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1980లలో కంది, శనగ పంటల్లో దీన్ని పరీక్షించింది. గింజ కలుపు చాలావరకు చస్తుంది. గరిక కొంత తగ్గుతుంది. తుంగకు ఇది చాలదు, లోతు దుంపలు బతుకుతాయి. పలుచని షీటునైతే తుంగ మొన పొడుచుకుని బయటికి వస్తుంది. అట్టపెట్టెలు, ఎండుగడ్డి మందంగా పరిచే పద్ధతికీ దాదాపు ఇదే పరిమితి.

ఇక కలుపు మందు విషయానికొస్తే, గ్లైఫోసేట్ వాడకాన్ని కేంద్రం 2022 అక్టోబరులో పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకు పరిమితం చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. నిద్రలో ఉన్న దుంపలను అదీ చంపలేదు. ఇంటి కూరగాయల మడికి దాని అవసరం లేదు.

ఎరువు, మొదటి పంట

బృహత్సంహితలోని వృక్షాయుర్వేద అధ్యాయం (6వ శతాబ్దం) తోట వేసే నేలలో ముందు నువ్వులు చల్లి, పూతకు రాగానే అందులోనే తొక్కించమంటుంది. నేటి పచ్చిరొట్ట పద్ధతి అదే. తొలకరికి జనుము గానీ జీలుగ గానీ ఒత్తుగా చల్లితే నీడకు గరిక నీరసిస్తుంది. పూత మొదట్లో కలియదున్ని, రెండు మూడు వారాలు మురగనిచ్చాకే నాట్లు వేయాలి. గొర్రెల మంద కట్టించడం, పశువుల ఎరువు తోలడం మంచివే. అయితే మాగని ఎరువు ద్వారా కొత్త కలుపు గింజలు వస్తాయి. సర్కారు తుమ్మ గింజ మేకల కడుపులోనూ చెడదు.

మడి కట్టాక ఒక తడి ఇచ్చి, మొలిచిన కలుపును పైపైన గీకేసి, మట్టిని మళ్లీ కదిలించకుండా విత్తుకోవడం మంచిది. మొదటి ఏడాది ఆకు విప్పి నేలను కప్పే గుమ్మడి, బొబ్బర, చిలగడదుంప వేసుకోవాలి. ఉల్లి, క్యారెట్, కొత్తిమీర నేలకు నీడ ఇవ్వవు. తుంగ మిగిలి ఉందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ఆ ఏడు వాటి జోలికి పోవద్దు.