డిజిటల్ కెమేరా ఎంపిక

'''డిజిటల్ కెమేరా ఎంపిక''' అనగా తీయదలచిన ఛాయాచిత్రాల స్వభావాన్ని, వాటి తుది ఉపయోగాన్ని, కెమేరా పనిచేయవలసిన పరిస్థితులను బట్టి తగిన పరికరాన్ని నిర్ణయించుకొనడం. మెగాపిక్సెళ్ళ సంఖ్యను చూసి కెమేరా నాణ్యతను అంచనా వేయడం ప్రజలలో బాగా వ్యాపించిన అలవాటు. వాస్తవానికి చిత్రం నాణ్యత ప్రధానంగా కటకం, కాంతిగ్రాహకం, వెలుతురు అనే మూడింటిపై ఆధారపడి ఉంటుంది. జీవనోపాధి కొరకు కెమేరా కొనేవారికి వీటితో పాటు విద్యుత్తు, ముద్రణ ఖర్చు, మరమ్మతు సౌకర్యం కూడా ముఖ్యమే. చిత్తూరు జిల్లాలో గుడుపల్లె, కుప్పం ప్రాంతంలో 2000వ దశకంలో జరిగిన పల్లె ఛాయాగ్రాహకుల ప్రయోగం దీనికి చక్కని ఉదాహరణ.

== నేపథ్యం ==

ఫిల్ము కెమేరాలో కాంతి రసాయన పూత గల ఫిల్ముపై పడి చిత్రాన్ని ఏర్పరుస్తుంది. డిజిటల్ కెమేరాలో ఫిల్ము స్థానంలో కాంతిని విద్యుత్ సంకేతాలుగా మార్చే గ్రాహకం, అనగా సెన్సర్, ఉంటుంది. ఇందుకు తోడ్పడిన సీసీడీని 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించారు. వీరికి 2009లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1975లో కోడక్ సంస్థలో స్టీవెన్ శాసన్ తయారుచేసిన తొలి నమూనా కెమేరా 10 వేల పిక్సెళ్ళ నలుపు తెలుపు చిత్రాన్ని క్యాసెట్ టేపుపై నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది. ఆ తరువాత కాలంలో సీసీడీల స్థానాన్ని చాలావరకు సీమాస్ గ్రాహకాలు ఆక్రమించాయి. 2010లో ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమేరాలు తయారీదారుల నుండి విపణికి చేరాయి. స్మార్ట్‌ఫోన్ల రాకతో ఈ సంఖ్య 2023 నాటికి 80 లక్షల లోపుకు పడిపోయింది.

== కుప్పం ప్రాంత ప్రయోగం ==

కర్ణాటక, తమిళనాడు సరిహద్దులలో ఉన్న కుప్పం ప్రాంతంలో 2002లో హ్యూలెట్ పాకార్డ్ సంస్థ, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సహకారంతో, "ఐ-కమ్యూనిటీ" అనే మూడేళ్ళ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇందులో భాగంగా స్వయం సహాయక సంఘాల మహిళలు కొందరికి ఛాయాగ్రహణంలో శిక్షణ ఇచ్చి, డిజిటల్ కెమేరా, వెంట తీసుకువెళ్ళదగిన చిన్న ప్రింటరు, బ్యాటరీలను నింపే సౌరఫలకం సమకూర్చారు. వారు ఊరూరా తిరిగి గుర్తింపు కార్డులకు కావలసిన ఫోటోలు, కుటుంబ చిత్రాలు తీసి అక్కడికక్కడే ముద్రించి ఇచ్చేవారు.

1993లో ఎన్నికల సంఘం ఫోటోతో కూడిన ఓటరు గుర్తింపు కార్డులను ప్రవేశపెట్టింది. బ్యాంకు ఖాతాలకు, దరఖాస్తులకు కూడా ఫోటో అవసరమైంది. స్టూడియో లేని పల్లెవాసులకు ఒక చిన్న ఫోటో కొరకు పట్నం వెళ్ళి రావడమంటే బస్సు చార్జీతో పాటు ఒకనాటి కూలి పోగొట్టుకొనడమే. కావున కెమేరా ఎంత ఖరీదైనదన్న దానికంటే, కరెంటు లేని చోట కూడా ఫోటో చేతికి అందుతుందా అన్నదే అక్కడ అసలు ప్రశ్న. కెమేరా, ప్రింటరు, బ్యాటరీ ఈ మూడింటిని ఒకే సాధనంగా పరిగణించడం ఈ ప్రయోగంలోని ముఖ్యాంశం.

== మెగాపిక్సెళ్ళు ==

ఒక మెగాపిక్సెల్ అనగా 10 లక్షల చిత్రబిందువులు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించడానికి కావలసిన పరిమాణాలు సుమారుగా ఇవి:

* 3.5 × 4.5 సెంటీమీటర్ల పాస్‌పోర్టు ఫోటో: 0.22 మెగాపిక్సెళ్ళు
* 4 × 6 అంగుళాల ఫోటో: 2.2 మెగాపిక్సెళ్ళు
* 8 × 10 అంగుళాల ఫోటో: 7.2 మెగాపిక్సెళ్ళు
* 12 × 18 అంగుళాల ఆల్బం పుట: 19.4 మెగాపిక్సెళ్ళు

దీనిని బట్టి గుర్తింపు కార్డుల ఫోటోలకు 2 లేక 3 మెగాపిక్సెళ్ళ పాత కెమేరా కూడా సరిపోయేదని తెలుస్తుంది. గోడలపై అంటించే పెద్ద చిత్రాలను దూరం నుండి చూస్తారు కనుక వాటికి అంగుళానికి 300 చుక్కలు అవసరం లేదు.

== కాంతిగ్రాహకం ==

గ్రాహకం వైశాల్యం పెరిగినకొద్దీ అది ఎక్కువ కాంతిని గ్రహించగలదు. ఫుల్‌ఫ్రేం గ్రాహకం 36 × 24 మిల్లీమీటర్లు ఉంటుంది. జేబులో పట్టే సాధారణ కెమేరాలలోని గ్రాహకం సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు మాత్రమే. అనగా మొదటిది రెండవదాని కంటే వైశాల్యంలో సుమారు 30 రెట్లు పెద్దది. సంధ్యా సమయంలో, ఇంటి లోపల, రాత్రి జరిగే పెళ్ళిళ్ళలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. చిన్న గ్రాహకంలో ఐఎస్‌వో విలువ పెంచితే చిత్రంపై ఇసుక చల్లినట్లు చుక్కలు ఏర్పడతాయి. పట్టపగలు ఆరుబయట తీసే చిత్రాలలో ఈ తేడా అంతగా తెలియదు.

== కటకం ==

* '''జూమ్''': ఆప్టికల్ జూమ్‌లో కటకాలే కదిలి దృశ్యాన్ని దగ్గర చేస్తాయి. డిజిటల్ జూమ్‌లో చిత్రంలోని కొంత భాగాన్ని కత్తిరించి పెద్దది చేస్తారు. కావున కొనేటప్పుడు ఆప్టికల్ జూమ్ విలువను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి.
* '''ద్వారం''': ఎఫ్ పక్కన ఉన్న అంకె ఎంత తక్కువైతే కటకం అంత ఎక్కువ కాంతిని లోనికి పంపుతుంది. ఎఫ్/2 వద్ద ఎఫ్/4 కంటే నాలుగు రెట్లు కాంతి లభిస్తుంది.
* '''ముఖచిత్రాలు''': వెడల్పు దృశ్యాన్ని పట్టే కటకంతో మరీ దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా కనిపిస్తాయి. ముఖచిత్రాలకు ఫుల్‌ఫ్రేం లెక్కలో 85 నుండి 105 మిల్లీమీటర్ల నాభ్యంతరం అనుకూలం.

మిట్టమధ్యాహ్నపు ఎండలో కళ్ళ కింద నల్లని నీడలు పడతాయి. మనిషిని వసారాలో లేక చెట్టు నీడలో కూర్చుండబెడితే సామాన్యమైన కెమేరాతో కూడా మంచి ముఖచిత్రం వస్తుంది.

== బ్యాటరీ, ముద్రణ ఖర్చు ==

కొన్ని కెమేరాలు అంగడిలో దొరికే ఏఏ సెల్లులతో పనిచేస్తాయి. మరికొన్నింటికి ఆ కెమేరాకే ప్రత్యేకించిన లిథియం బ్యాటరీ కావాలి. లిథియం బ్యాటరీ తేలికైనది, ఎక్కువసేపు పనిచేస్తుంది. కాని ఆ రకం తయారీ ఆగిపోతే బాగున్న కెమేరా కూడా నిరుపయోగమవుతుంది. హ్యూలెట్ పాకార్డ్ సంస్థే 2007 చివరలో డిజిటల్ కెమేరాల తయారీ నుండి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. విద్యుత్ కోతలు ఉన్నచోట రెండు జతల బ్యాటరీలు ఉంచుకొనడం మేలు.

ఉపాధి కొరకు కొనేవారు కెమేరా ధరతో లెక్క ముగించరాదు. ఒక్కొక్క ప్రతికి కాగితం, సిరా, చెడిపోయే ప్రతులు, అప్పు వాయిదా, ప్రయాణ ఖర్చు కలిపి ఎంతవుతుందో చూడాలి. ఫోటోకు వచ్చే ధరలోంచి ఈ మొత్తం పోగా మిగిలినదే ఆదాయం. తక్కువ ధరకు వచ్చే ప్రింటరుకు సిరా ఖరీదైనదైతే ఆ ఆదాయం హరించుకుపోతుంది.

== కొనే ముందు పరీక్షించవలసినవి ==

# ఎండలో వెనుక తెర కనిపిస్తున్నదా? లేనిచో కంటితో చూసే వ్యూఫైండరు ఉన్నదా?
# మీట నొక్కిన వెంటనే చిత్రం నమోదవుతున్నదా? ఆలస్యమైతే పసిపిల్లల చిత్రాలు తప్పిపోతాయి.
# ట్యూబులైటు కింద చర్మపు రంగు సహజంగా వస్తున్నదా?
# బ్యాటరీ, కార్డు సమీప పట్టణంలో దొరుకుతాయా?
# రసీదు, భారతదేశంలో చెల్లే హామీపత్రం ఇస్తున్నారా?

వాడిన కెమేరా కొనేటప్పుడు కటకాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. సాలెగూడు వంటి తెల్లని చారలు కనిపిస్తే బూజు పట్టిందని అర్థం. కటకం మార్చగల కెమేరా అయితే ఎఫ్/16 వద్ద తెల్లని గోడను తీసి చూడాలి. చిత్రంలో నల్లని మచ్చలు కనిపిస్తే అది గ్రాహకంపై చేరిన ధూళి. కటకంపై మూత ఉంచి కొన్ని సెకన్ల పాటు చిత్రం తీసినప్పుడు మెరిసే చుక్కలు కనిపిస్తే కొన్ని పిక్సెళ్ళు దెబ్బతిన్నాయని గ్రహించాలి.

== ఇవి కూడా చూడండి ==

* ఛాయాగ్రహణం
* కుప్పం
* గుడుపల్లె మండలం
* స్వయం సహాయక సంఘాలు
* సౌరశక్తి