అమెరికా వీథిభాషలో మధ్యమపురుష బహువచనము

ఆంగ్లమునఁ బూర్వము ‘దౌ’ యేకవచనము, ‘యూ’ బహువచనము. గౌరవార్థమున బహువచనమును వాడు నాచారము ప్రబలఁగా, 17వ శతాబ్దమున ‘దౌ’ శిష్టవ్యవహారమునుండి తొలఁగసాఁగెను. ‘యూ’ యను నొక్కరూపమే యుభయార్థములను వహించెను. తెలుఁగున ‘మీరు’ గౌరవార్థకమైనను ‘నీవు’ నశింపకుండుటచే నిట్టి చిక్కు గలుగలేదు. అమెరికాలో నీ కొఱఁతను దీర్చినవారు వైయాకరణులు గారు, వీథులలోని సామాన్యజనులు. దక్షిణరాష్ట్రములవారు ‘యాల్’ అనియు, న్యూయార్కు, ఫిలడెల్ఫియా నగరముల శ్రామికులు ‘యూజ్’ అనియుఁ బలికిరి. పిట్స్‌బర్గువారి ‘యింజ్’, 18వ శతాబ్దమున అల్‌స్టరునుండి వలసవచ్చిన స్కాచిజనులు తెచ్చిన ‘యూ వన్స్’ అనుదాని వికారము. బడులలో నివి దోషములుగా నెన్నఁబడెను. అయినను 1985 మొదలు 2012 వఱకు అయిదు సంపుటములుగా వెలువడిన అమెరికా ప్రాంతీయాంగ్ల నిఘంటువు ఇట్టి దేశ్యపదములనే సంగ్రహించినది. శిష్టభాష విడిచిన భేదమును గ్రామ్యము నిలిపెను. కావున గ్రామ్యమెల్ల నపభ్రంశమనుట చరిత్రవిరుద్ధము.