బీదరు వాలు, గారెట్ పటం

బీదరు ఊరు ఎత్తయిన పీఠభూమి అంచున ఉంది. పైన సందులున్న ఎర్రని లాటరైట్ రాయి, దాని అడుగున నల్లరాయి. పైరాయిలోంచి ఇంకిన వాననీరు నల్లరాయి తగలగానే ఆగిపోతుంది. 15వ శతాబ్దంలో బీదరు బహమనీ సుల్తానుల రాజధాని అయ్యాక, ఆ నీటిని రాబట్టడానికి నౌబాద్ దగ్గర పారసీక పద్ధతిలో సొరంగం తవ్వారు. దాన్నే కరేజ్ అంటారు. అందులో కష్టమంతా వాలుదే. వాలు ఎక్కువైతే నీరు అడుగును కోస్తుంది, తక్కువైతే పూడిక పడుతుంది. ఆ తూకం తవ్వేవాళ్ల చేతి అనుభవం మీదే నడిచింది.

ఇలాంటి తూకాలను గీతల్లో చూపే పటాలు చాలా తర్వాత, ఫ్రాన్స్‌లో పెరిగాయి. రైలుమార్గాల మట్టిపని లెక్కలు తెమలక, 1840లలో లియోన్ లాలాన్ లాగరిథమ్ కొలమానంతో వంపు గీతలను సరళరేఖలు చేశాడు. మోరిస్ డోకాన్య్ 1899లో ఈ పటాల తయారీని ఒక శాస్త్రంగా గ్రంథస్థం చేశాడు. అదే నోమోగ్రఫీ.

అలాంటి పటాల్లో భారతదేశంలో కాలువల ఇంజినీర్లకు బాగా తెలిసినది గారెట్ పటం. దాని పునాది పంజాబ్‌లో ఉంది. అప్పర్ బారీ దోఆబ్ కాలువను గమనించిన ఇంజినీరు కెనడీ, పూడిక పడకుండా, కోత పెట్టకుండా పారే వేగం లోతును బట్టి ఉంటుందని 1895లో సూత్రం చెప్పాడు. మీటర్లలో లోతును 0.64 ఘాతానికి హెచ్చించి, 0.55తో గుణిస్తే ఆ వేగం వస్తుంది. దీన్ని, వాలు నుంచి వేగాన్ని ఇచ్చే కట్టర్ సూత్రంతో కలిపి చేత్తో లెక్కిస్తే మళ్లీ మళ్లీ ఊహించి సరిచూడాలి. గారెట్ ఆ శ్రమను ఒక కాగితానికి తగ్గించాడు. ప్రవాహ పరిమాణం, వాలు కలిసే బిందువు నుంచి నిలువు గీత గీస్తే అడుగు వెడల్పుల వంపులు తగులుతాయి. ఒకదాన్ని ఎంచుకుని కుడి అంచున లోతు, కెనడీ వేగం చదవాలి. ప్రవాహాన్ని కాలువ అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే అసలు వేగం తెలుస్తుంది. రెండు వేగాల నిష్పత్తి ఆ నేలకు తగ్గట్టు రాకపోతే మరో వెడల్పుతో మళ్లీ చూడాలి.

ఇక్కడే చిక్కుంది. ఆ నిష్పత్తి సన్న ఇసుక ఒండ్రుకు 1, సింధు నది ఒండ్రుకు 0.7. పటం మొత్తం ఒండ్రునేల అనుభవమే. బీదరు ఎర్రరాతికి, మంజీర నది చుట్టుపక్కల నల్లరేగడికి దాన్ని ఉన్నది ఉన్నట్టు వాడితే గీత సరిగ్గానే ఉంటుంది, కాలువే తప్పవుతుంది. ఒండ్రునేలలోనూ 1930 ప్రాంతంలో ఇంజినీరు లేసీ సూత్రాలు వచ్చి కెనడీ పద్ధతిని వెనక్కి నెట్టాయి. అయినా మెట్రిక్ కొలతల్లో మళ్లీ గీసిన గారెట్ పటాలు సివిల్ ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాల్లో కొనసాగాయి.