పీసా వాలుగోపురము: కొలతలు కాపాడిన కట్టడము



పెద్ద కట్టడము కూలుట ఒక్క క్షణమున జరుగును. కాని కూలుటకు కారణమగు కదలిక పదులకొలది, ఒక్కొక్కప్పుడు నూర్లకొలది సంవత్సరములు సాగును. ఆ కదలిక కంటికి కానరాదు. దానిని కనిపెట్టుటకు మానవుడు కల్పించిన సాధనములను గూర్చి, అవి ఒక గోపురమును కాపాడిన చరిత్రను గూర్చి నేడు మీకు మనవి చేయదలచినాను.

ఇటలీదేశమున పీసా యను పట్టణము కలదు. అచ్చటి ప్రధాన దేవాలయమునకు గంటల గోపురముగా 1173వ సంవత్సరమున ఒక పాలఱాతి కట్టడము నారంభించిరి. అది ఎనిమిది అంతస్తులది. ఎత్తు ఇంచుమించు 56 మీటర్లు. బరువు దాదాపు 14,500 టన్నులు. ఇంతటి బరువునకు పునాది లోతు మూడు మీటర్లు మాత్రమే. దాని క్రింద ఒండ్రు, ఇసుక; వానికి దిగువను మెత్తని సముద్రపు బంకమన్ను. మూడు అంతస్తులు దాటి కొంత లేచిన పిమ్మట, 1178వ సంవత్సర ప్రాంతమున పని నిలిచిపోయెను. మరల 1272లో మొదలై, నడుమ ఇంకొకసారి ఆగి, 1370 ప్రాంతమునకు ముగిసెను. ఈ ఆలస్యమే గోపురమునకు ప్రాణదాన మయ్యెనని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయము. నడిమి నూరేండ్లలో క్రిందిమన్ను బరువునకు అణగి గట్టిపడినది. పని ఆపక కట్టియుండినచో అది ఆనాడే కూలియుండెడిది.

ఐనను గోపురము దక్షిణమునకు ఒరగుట మానలేదు. ఒరుగుచున్నదని అందఱు నెఱుగుదురు గాని, ఏటి కెంత యని యెవ్వరు నెఱుగరు. 1838లో గెరార్దెస్కా యను శిల్పి, మట్టిలో దిగబడిన స్తంభముల అడుగుభాగము కనబడవలెనని గోపురము చుట్టును త్రవ్వించెను. నీరు ఉబికివచ్చెను, గోపురము హఠాత్తుగా మఱికొంత ఒరిగెను. నేల యెట్టిదో తెలియకయే చేసిన మేలు కీడైనది.

క్రమముగా కొలతలు తీయుట 1911లో మొదలైనది. దూరమున థియొడొలైటు యంత్రమును నిలిపి, గోపురముమీద క్రిందొక గుఱుతు, పైనొక గుఱుతు చూచి, వాని నడిమి తేడాను ఏటేట వ్రాసిరి. 1934లో గోపురములోపల దాదాపు 30 మీటర్ల పొడవుగల లంబకమును వ్రేలాడగట్టిరి. మన తాపీపనివారు గోడ నిలువు చూచుటకు పట్టుకొను గుండుదారమే ఇది. పొడవు హెచ్చు, చూపు సూక్ష్మము. దానితోపాటు రసమట్టము వంటి యంత్రమును గూడ నమర్చిరి. ఆ సంవత్సరమే ముస్సోలినీ ప్రభుత్వము పునాదికి 361 రంధ్రములు తొలిపించి, సిమెంటుపాలు పోయించెను. గట్టిపడునని తలచిన గోపురము మఱింత ఒరిగెను. ఈసారి ఆ సంగతి కొలతలలోనికి ఎక్కినది.

1970 ప్రాంతమున గోపురపు కదలిక వడి హెచ్చెను. కారణము వెదుకగా, చుట్టుప్రక్కల లోతుబావులనుండి నీరు విశేషముగా తోడుచున్నారని తేలెను. బావులను మూయించినంతనే వడి తగ్గెను. కొలతల పుస్తకమే లేకున్న ఈ బావుల నేరము బయటపడెడిది కాదు.

1989 మార్చి నెలలో అదే దేశమున పావియా పట్టణపు గోపురము అకస్మాత్తుగా కూలి నలుగురు మరణించిరి. ప్రభుత్వము భయపడి 1990 జనవరిలో పీసా గోపురమును మూయించి, యమియొల్కోవ్‌స్కీ అధ్యక్షుడుగా నిపుణులసంఘము నేర్పఱచెను. అప్పటికి గోపురము అయిదున్నర డిగ్రీలు ఒరిగియుండెను. శిఖరము ఏటికి దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు కదలుచుండెను. ఇది బియ్యపుగింజ మందమునకు మించదు. కాని యేటేటికిని కూడుచుండును.

సంఘసభ్యుడును లండను ఆచార్యుడును అగు జాన్ బర్లాండ్ పాతకొలతల నన్నిటిని ఒకచోట చేర్చి చూచెను. దక్షిణపు ప్రక్క దిగబడుచున్నదని లోకమంతయు నమ్మియుండగా, ఉత్తరపు ప్రక్క పైకి లేచుచున్నదని వానివలన తేలెను. రోగము తెలిసినంతనే మందు తోచినది. 1993లో ఉత్తరపు అంచుమీద 600 టన్నుల సీసపు దిమ్మెలను పేర్చిరి. పెక్కు శతాబ్దములకు తొలిసారిగా గోపురము రవ్వంత వెనుకకు వచ్చెను.

1995 సెప్టెంబరులో, నేలను గడ్డకట్టించి ఉక్కుత్రాళ్లను దింపబోవగా, గోపురము ఒక్కరాత్రి ఒక సంవత్సరపు కదలికంత కదలెను. యంత్రములు వెంటనే హెచ్చరించినందున పని నాపి సీసమును 900 టన్నులకు పెంచిరి. తుదకు, 1962లో టెర్రాచినా యను ఇంజనీరు సూచించిన ఉపాయము నవలంబించిరి. ఉత్తరపు ప్రక్క నేలలోనికి గొట్టములు దింపి, కొంచెము కొంచెముగా మన్ను తీసిరి. 1999లో పరీక్షించి, 2001లో ముగించిరి. దినదినము కొలతలు చూచి, మరునా డెంత మన్ను తీయవలెనో నిర్ణయించుచుండిరి. శిఖరము దాదాపు 45 సెంటీమీటర్లు, అనగా ఒక మూర, వెనుకకు వచ్చెను. 2001 డిసెంబరులో యాత్రికులను మరల లోనికి విడిచిరి. గోపురము కదలుట మానినదని 2008లో ప్రకటించిరి.

నేడు గోపురములకును, వంతెనలకును, ఆనకట్టలకును సెన్సర్లని పేరుగల విద్యుత్‌సాధనములను అమర్చుచున్నారు. వంపును, పగులు వెడల్పును, వేడిమిని, నేలలోని నీటి మట్టమును అవి రేయింబవళ్లు కొలుచును. వేడిమి నేల కొలువవలెనన, ఎండ సోకిన ప్రక్క ఉబ్బి, కట్టడము ప్రతిదినము కొంత ఊగును. వానకాలమున నేలయు మాఱును. ఈ రాకపోకలను తీసివేయగా మిగిలినదే నిజమైన కదలిక. అందుచేతనే ఒకనాటి కొలత దేనికిని చాలదు. ఏండ్ల తరబడి కొలిచిన వరుసయే మాటలాడును.

మనకును ఇట్టి దుఃఖము తెలియని దేమి కాదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురము 2010 మే 26వ తేదీ రాత్రి కూలిపోయెను. పగులు ముందే కనబడినది. కాని పగులు కంటబడునప్పటికి, కట్టడములోపలి మార్పు చాలదూరము పోయియుండును. అదేచోట క్రొత్తగోపురమును కట్టి 2017లో కుంభాభిషేకము చేసిరి. ఐదువందల యేండ్ల నాటి గోపురము మాత్రము మరల రాదు.

గ్రామమునందలి పెద్దలకు నాదొక విన్నపము. మీ ఊరి గుడికిగాని, బడికిగాని, చెఱువు తూముకుగాని పగులు కనబడినచో, సున్నము పూసి కప్పివేయకుడు. పగులునకు అడ్డముగా సన్నని గాజుపలక నొకదానిని రెండువైపుల సిమెంటుతో అతికించి, తేదీ వ్రాయుడు. పగులు పెరిగినచో గాజు విఱుగును. ప్రతినెల చూచి, వెడల్పును ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. ఇంజనీరు వచ్చిననాడు, ఇది ఎప్పటినుండి యున్నది, ఎంత పెరిగినదని యడుగును. దానికి బదులు చెప్పగలిగినది ఆ పుస్తకమే. మీరు మొదలుపెట్టినదానిని మీ మనుమలు సాగింపవలెను. పీసాలో 1911నాటి వారు వ్రాసిన అంకెలే ఎనుబదేండ్ల పిమ్మట గోపురమును నిలిపినవి.