గృహ పత్రిక: అచ్చు నుంచి ఈ-మెయిల్‌కు

ఒక సంస్థ తన ఉద్యోగుల కోసం, ఖాతాదారుల కోసం వెలువరించే పత్రికను గృహ పత్రిక లేదా హౌస్ జర్నల్ అంటారు. 1990 దశకం నుంచి ఇవి క్రమంగా ఈ-మెయిల్ వార్తాలేఖలుగా మారాయి. ఈ మార్పును సాధారణంగా ఖర్చు తగ్గించుకునే చర్యగా మాత్రమే చూస్తారు. కాని దానితోపాటు పత్రికను రాసే పద్ధతి మారింది, చదివేవారు మారారు. ఆ పరిణామాన్ని ఈ విభాగంలో పరిశీలిద్దాం.

1. అచ్చు పత్రిక స్వభావం

కర్మాగారాలు పెద్దవయ్యేకొద్దీ యజమానికి, కార్మికులకు మధ్య ముఖపరిచయం లేకుండా పోయింది. ఆ లోటును పూడ్చడానికి గృహ పత్రికలు వచ్చాయి. ఇంగ్లండులో చాకొలెట్ తయారీ సంస్థ క్యాడ్‌బరీ 1902లో ‘బోర్న్‌విల్ వర్క్స్ మ్యాగజైన్’ను ప్రారంభించింది. కర్మాగారం వార్తలు, క్రీడలు, ఉద్యోగుల సంఘాల విశేషాలు అందులో ఉండేవి. ఇటువంటి పత్రికను ఉద్యోగి ఇంటికి తీసుకువెళ్లవచ్చు, కుటుంబ సభ్యులూ చదవవచ్చు. దానికి పరిమితులూ ఉన్నాయి: పుటల సంఖ్య ముందే నిర్ణయం కావాలి, తప్పు దొర్లితే సవరణకు తరువాతి సంచిక దాకా ఆగాలి.

2. సాంకేతిక నేపథ్యం

రే టామ్లిన్‌సన్ 1971లో ఆర్పానెట్‌పై ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు ఈ-మెయిల్ పంపాడు. 1982 నాటి ప్రమాణాల ప్రకారం అందులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే వెళ్లేవి. 1992లో వచ్చిన ‘మైమ్’ ప్రమాణంతో చిత్రాలు, ఇతర భాషల లిపులు పంపడానికి మార్గం ఏర్పడింది. భారతదేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించింది. అయినా తెలుగులో రాసేవారి ఇబ్బంది వెంటనే తీరలేదు. పంపినవారి ఫాంటు అందుకున్నవారి దగ్గర లేకపోతే తెరపై అర్థం లేని గుర్తులే కనిపించేవి. యూనికోడ్ వాడుకలోకి వచ్చాకే ఈ సమస్య తీరింది.

3. రూపంలో వచ్చిన మార్పులు

అచ్చు సంచికను ఉన్నదున్నట్లు జతచేసి పంపడం సులువైన పద్ధతి. కాని కాగితం మీద పక్కపక్కన అమరే కాలమ్‌లు చిన్న తెరపై చదవడానికి కష్టం. టెలిఫోను లైను ద్వారా నడిచే ఇంటర్నెట్‌లో పెద్ద ఫైలు దిగడానికి చాలా సేపు పట్టేది. అందువల్ల సంచికను తిరిగి సంపాదకత్వం చేయవలసి వచ్చింది. విషయసూచిక వాక్యం ముఖచిత్రం స్థానాన్ని తీసుకుంది. వ్యాసం బదులు రెండు మూడు వాక్యాల సారాంశం, పూర్తి పాఠానికి లింకు చేరాయి.

పాఠకుడి అనుమతి కూడా ముఖ్యమైంది. 1978లో ఒక కంప్యూటరు సంస్థ ఉద్యోగి ఆర్పానెట్‌లో వందలాది మందికి ఒకేసారి ప్రకటన పంపినప్పుడు నిరసనలు వచ్చాయి. అమెరికా 2003లో చేసిన చట్టం, వాణిజ్య ఈ-మెయిల్ వద్దని చెప్పే వీలు పాఠకుడికి తప్పనిసరిగా కల్పించాలన్నది.

4. పొందినవి, పోగొట్టుకున్నవి

వేగం పెరిగింది, అచ్చు ఖర్చు, తపాలా ఖర్చు తగ్గాయి. ఎంతమంది లింకు తెరిచారో సంస్థకు తెలియసాగింది. అయితే బల్ల ముందు కూర్చునే ఉద్యోగికి అందిన వార్తాలేఖ, ఈ-మెయిల్ చిరునామా లేని యంత్ర కార్మికుడికి అందలేదు. పూర్వం ఇద్దరి చేతుల్లోనూ ఒకే పత్రిక ఉండేది. యజమానికి, కార్మికుడికి మధ్య దూరం తగ్గించడానికి పుట్టిన పత్రిక, ఈ విధంగా కార్మికుల మధ్యనే కొత్త దూరాన్ని తెచ్చింది.

చరిత్ర విద్యార్థి గమనించవలసిన అంశం మరొకటి ఉంది. బైండు చేసిన పాత సంచికలు నేటికీ కార్మిక జీవితానికి ఆధారాలుగా ఉపయోగపడుతున్నాయి. ఈ-మెయిల్ సంచికలను ఎవరూ భద్రపరచకపోతే, సర్వరు మార్చిన రోజున అవి మాయమవుతాయి. కాబట్టి అచ్చు ఆపే సంస్థ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇకపై ఈ పత్రిక ఎవరికి అందదు? పాత సంచికను ఎవరు దాచిపెడతారు?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

అచ్చు గృహ పత్రికను ఈ-మెయిల్‌కు మార్చడం వల్ల పాఠకుల్లో వచ్చిన మార్పును పది వాక్యాల్లో వివరించండి.